రాళ్ళకు నంబర్లు వేశారు, పనికి గడువు వేయలేదు

ఓరుగల్లు కట్టడాల రక్షణ ఏ శాఖ బాధ్యత?

హనుమకొండ: వేయిస్తంభాల గుడికి దక్షిణాన ఉన్న కల్యాణమండపం 2024 మార్చి 8వ తేదీన, మహాశివరాత్రి నాడు, తిరిగి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. పునాది కుంగి, స్తంభాలు ఒరిగి, ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే కూలిపోయే స్థితి వచ్చినందున కేంద్ర పురావస్తు శాఖ వారు 2006 ప్రాంతంలో ఆ మండపాన్ని రాయి రాయిగా విప్పదీశారు. విప్పిన రాళ్ళకు నంబర్లు వేసి పక్కన పేర్చారు. మళ్ళీ నిలబెట్టడానికి దాదాపు పద్దెనిమిదేళ్ళు పట్టింది. మండపం విప్పిన ఏడు పుట్టిన బిడ్డ, మండపం తెరిచిన ఏటికి ఓటు హక్కు వయసుకు వచ్చాడన్న మాట.

నిలబెట్టిన పనిని తక్కువ చేయనక్కరలేదు. శిథిలమైన రాళ్ళ స్థానంలో కొత్త రాళ్ళు చెక్కించి, పాతవాటితో కలిపి, పునాది బలపరచి, ఎనిమిదిన్నర శతాబ్దాల నాటి కట్టడానికి మళ్ళీ ప్రాణం పోయడం సామాన్యమైన పని కాదు. అయితే ఈ పద్దెనిమిదేళ్ళలో పని ఎప్పటికి పూర్తవుతుందని అడిగిన హనుమకొండ వాసికి ఖచ్చితమైన జవాబు చెప్పే అధికారి ఎవరో తెలియకపోవడమే అసలు సమస్య. రాళ్ళకు నంబర్లు ఉన్నాయి గాని పనికి గడువు లేదు. గడువు తప్పితే సంజాయిషీ చెప్పవలసిన మనిషీ లేడు.

ఇది ఒక్క మండపం కథ కాదు. ఓరుగల్లు ప్రాంతంలోని కాకతీయుల కట్టడాలన్నిటికీ ఏదో ఒక రూపంలో ఇదే పరిస్థితి ఎదురవుతున్నది. కనుక ప్రభుత్వ శాఖలు ఈ విషయంలో ఏం చేస్తున్నాయి, ఏం చేయగలవు అన్నది జిల్లా ప్రజలు తెలుసుకోవలసి ఉన్నది.

చట్టాలకు కొదవ లేదు

ప్రాచీన కట్టడాల రక్షణకు మన దేశంలో చట్టాలు లేవన్న మాట సరికాదు. కేంద్ర పురావస్తు శాఖ 1861లోనే ఏర్పడింది. 1904లో లార్డ్ కర్జన్ హయాంలో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని అధిపతిగా నియమించారు. పాలంపేట ఆలయాలపై ఆయన రాసిన గ్రంథం 1922లోనే అచ్చయింది. అంటే రామప్ప గుడి విలువను ప్రభుత్వం గుర్తించి నూరేళ్ళు దాటింది.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం ఈ పనిని కేంద్రానికీ రాష్ట్రాలకూ పంచింది. జాతీయ ప్రాముఖ్యం గలవని ప్రకటించిన కట్టడాలు కేంద్రానివి, మిగిలినవి రాష్ట్రానివి. కేంద్రం 1958లోనూ, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1960లోనూ ఇందుకోసం వేర్వేరు చట్టాలు చేశాయి. 1992లో కేంద్రం ఒక నోటిఫికేషన్ ద్వారా రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర నిషేధిత ప్రాంతంగాను, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతంగాను ప్రకటించింది. 2010లో చట్టాన్ని సవరించి ఆ హద్దులకు మరింత బలం ఇచ్చారు. జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ కూడా అప్పుడే ఏర్పడింది. తెలంగాణ ఏర్పడిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం 2017లో వారసత్వ పరిరక్షణకు సొంత చట్టం తెచ్చుకున్నది.

ఇన్ని చట్టాలు ఉండగా కట్టడాలు ఎందుకు శిథిలమవుతున్నాయన్న ప్రశ్న సహజం. దానికి జవాబు చట్టపుస్తకంలో దొరకదు. ఆఫీసుల మధ్య ఫైలు తిరిగే దారిలో దొరుకుతుంది.

ఒక కోట, అరడజను కార్యాలయాలు

వరంగల్ కోటనే తీసుకుందాం. స్వయంభూ దేవాలయ శిథిలాలు, నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాలు ఉన్న ప్రాంగణం కేంద్ర పురావస్తు శాఖ ఆధీనంలో ఉన్నది. ఆ తోరణమే తెలంగాణ రాష్ట్ర అధికార చిహ్నంలో చోటు చేసుకున్నది. కోటలో సాయంకాలం వెలుగులు, ధ్వనులతో జరిగే ప్రదర్శన రాష్ట్ర పర్యాటక శాఖది. కోటలోకి వెళ్ళే రోడ్లు, మురుగు కాల్వలు, వీధి దీపాలు నగరపాలక సంస్థవి. ఇళ్ళకు ప్లాన్లు, మాస్టర్ ప్లాన్ వ్యవహారం కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థతో ముడిపడినవి. భూమి హద్దులు తేల్చవలసింది రెవెన్యూ వారు. ఆక్రమణలు తొలగించే నాడు బందోబస్తు ఇవ్వవలసింది పోలీసు వారు. మట్టికోటకూ రాతికోటకూ మధ్య, వాటి లోపల, తరతరాలుగా కాపురముంటున్న కుటుంబాలున్నాయి.

ఇందులో ఏ శాఖ పని ఆ శాఖ చేసినా, అన్నిటినీ కలిపి చూసే చోటు లేదు. గోడ మీద మొలిచిన రావి మొక్కను పీకవలసింది ఒకరు. ఆ గోడకు ఆనించి పోసిన చెత్తను ఎత్తవలసింది మరొకరు. గోడ పక్కన లేచిన షెడ్డుకు నోటీసు ఇవ్వవలసింది ఇంకొకరు. ఆ నోటీసును అమలు జరపవలసింది నాలుగో శాఖ. ఫిర్యాదు చేసిన పౌరుడు ఈ నాలుగు గడపలూ తొక్కేలోగా మొక్క మాను అవుతుంది, షెడ్డు మేడ అవుతుంది.

దీనికి తోడు జిల్లాల విభజన ఒకటి. ఉమ్మడి వరంగల్ జిల్లా ఉన్న రోజుల్లో ఈ కట్టడాలన్నీ ఒక్క కలెక్టరు పరిధిలో ఉండేవి. ఇప్పుడు వేయిస్తంభాల గుడి హనుమకొండ జిల్లాలో, కోట వరంగల్ జిల్లాలో, రామప్ప ములుగు జిల్లాలో, గణపురం కోటగుళ్ళు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్నాయి. పాలన ప్రజలకు దగ్గరైన మాట నిజమే. అయితే ఒకే రాజవంశం కట్టించిన సంపదను గురించి నలుగురు కలెక్టర్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు కూడా అవసరమే కదా!

మురుగు కాల్వకూ గుడికీ సంబంధమేమి?

శాఖల మధ్య సమన్వయం అనగానే అదేదో సమావేశాల్లో చెప్పుకునే మాటగా తోస్తుంది. కాకతీయుల కట్టడాల విషయంలో అది పునాదికి సంబంధించిన మాట. ఆ శిల్పులు లోతుగా గొయ్యి తీసి, దానిని ఇసుకతో నింపి, ఆపైన రాతి కట్టడం లేపారు. భూమి అదిరినా ఆ ఇసుక మెత్తలా పనిచేసి పైబరువును కాపాడుతుంది. ఈ పద్ధతి ఇంజనీరింగు నిపుణుల మెప్పు పొందింది.

అయితే ఇసుక కదిలితే పైనున్న రాయి కదులుతుంది. గుడి చుట్టూ వాననీరు ఎటు పోతున్నది, మురుగు ఎక్కడ నిలుస్తున్నది, పక్కన పునాదుల కోసం ఎంత లోతు తవ్వుతున్నారు, బరువైన లారీలు ఏ దారిన పోతున్నాయి అన్నవన్నీ అందుచేత గుడి ఆయుష్షుకు సంబంధించిన సంగతులే అవుతాయి. ఈ సంగతుల మీద అధికారం చాలావరకు పురావస్తు శాఖకు లేదు, నగరపాలక సంస్థకు ఉన్నది. నగరపాలక ఇంజనీరుకు మురుగు కాల్వ మురుగు కాల్వే. అది ఇసుక పునాదికి ఎంత దూరాన పోతున్నదో చెప్పవలసిన పురావస్తు ఇంజనీరుతో ఆయన ముందుగా మాట్లాడే ఏర్పాటు ఉంటే తరువాత కోట్లు పోసి మండపాలు విప్పే అవసరం తగ్గుతుంది.

ఇళ్ళవారి గోడు

ఈ విషయంలో రెండో వైపు కూడా చూడాలి. 100 మీటర్ల నిషేధం కాగితం మీద చిన్న గీత. హనుమకొండ వంటి పాత పట్టణంలో, కోట వంటి జనావాసంలో ఆ గీత కిందికి వందల గడపలు వస్తాయి. తాతల నాటి ఇల్లు వానకు కారుతుంటే పైకప్పు మార్చుకోవడానికి కూడా అనుమతి కావాలి. ఆ అనుమతి ఎవరిని అడగాలి, ఏ కాగితాలు పెట్టాలి, ఎన్నాళ్ళలో వస్తుంది అన్నది సామాన్యుడికి తెలియదు. తెలిసినవాడు, పలుకుబడి ఉన్నవాడు ఎలాగో పని జరిపించుకుంటాడు. తెలియనివాడు రాత్రికి రాత్రి గోడ లేపుతాడు. చట్టాన్ని గౌరవించి ఊరుకున్నవాడు మాత్రం కారే ఇంట్లో ఉంటాడు.

ఏ కట్టడానికి ఆ కట్టడం చుట్టూ ఏమి కట్టవచ్చు, ఎంత ఎత్తు కట్టవచ్చు అన్నది తేల్చే ప్రత్యేక నిబంధనలు తయారు చేయాలని 2010 సవరణే చెబుతున్నది. పదేళ్ళు గడిచాక చూస్తే దేశం మొత్తం మీద కొద్ది కట్టడాలకే అవి ఖరారయ్యాయి. అన్ని కట్టడాలకూ ఒకే కొలతబద్ద పెట్టడం వల్ల జనం ఇబ్బంది పడుతున్నారని పార్లమెంటు స్థాయీ సంఘం సైతం 2023లో అభిప్రాయపడింది. గుడిని కాపాడవలసింది చివరకు గుడి పక్కనున్న జనమే. ఏటా ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి ఆవరణ ఆడపడుచులతో నిండిపోవడం చూసినవారికి ఆ జనం ఆ గుడిని ఎంత తమదిగా భావిస్తారో వేరే చెప్పనక్కరలేదు. వారిని శాఖ తనకు శత్రువులుగా చేసుకుంటే ఎన్ని ఇనుప కంచెలు వేసినా లాభముండదు.

రామప్ప చెప్పే పాఠం

ఇక రామప్ప సంగతి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ ఆలయం 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తింపు పొందింది. ఈ గౌరవం రాత్రికి రాత్రి దక్కలేదు. 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినప్పుడు రామప్పతో పాటు వేయిస్తంభాల గుడి, కోటలోని స్వయంభూ ఆలయం, కీర్తితోరణాలు కూడా కలిసి ఉన్నాయి. చివరకు 2019లో పంపిన ప్రతిపాదనలో రామప్ప ఒక్కటే మిగిలింది. ఊరి నడుమ చిక్కుకున్న రెండు కట్టడాలు పక్కకు పోయి, చెరువు ఒడ్డున, పొలాల నడుమ ఉన్న గుడికి ఆ గౌరవం దక్కడం నగర వాసులు ఆలోచించవలసిన విషయం.

రామప్ప కోసం ఏమేమి జరిగిందో గమనించండి. కేంద్ర పురావస్తు శాఖ, రాష్ట్ర వారసత్వ శాఖ, కాకతీయ హెరిటేజ్ ట్రస్టు కలిసి పనిచేశాయి. పాలంపేట ప్రాంతానికి ప్రత్యేక అభివృద్ధి ప్రాధికార సంస్థను రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసింది. గుర్తింపు వచ్చిన మూడు రోజులకే రాష్ట్ర హైకోర్టు ఈ విషయాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించింది. కేంద్ర, రాష్ట్ర పురావస్తు అధికారులు, ములుగు కలెక్టరు కలిసి కూర్చోవాలని, ప్రాంతాన్ని సర్వే చేసి నివేదిక ఇవ్వాలని ఆదేశించింది. యునెస్కో కోరిన వివరాలు 2022 డిసెంబరులోగా అందజేయవలసి ఉండడమే అందుకు కారణం. ఆ డిసెంబరు 28న యాత్రికుల వసతులకు సుమారు 62 కోట్ల రూపాయల కేంద్ర పథకానికి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము శంకుస్థాపన చేశారు.

అదే శాఖలు, అదే చట్టాలు, దాదాపు అదే అధికారులు. తేడా ఏమిటి? రామప్ప విషయంలో బయటివారు గడువు పెట్టారు, జవాబు అడిగారు. కల్యాణమండపం విషయంలో అడిగేవారు లేరు.

నీళ్ళు పెట్టిన గడువు

ఈ మాటకు తెలుగునాట పాత నిదర్శనాలు కూడా ఉన్నాయి. కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు కేంద్ర పురావస్తు శాఖ అక్కడ పెద్దయెత్తున తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదికీ, అనుపు వద్దకూ తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు నీటి నడుమ ద్వీపమై మ్యూజియంతో నిలిచి ఉన్నది. అట్లాగే శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించి పునర్నిర్మించారు.

ఆ రోజుల్లో యంత్రాలు తక్కువ, నిధులు తక్కువ. అయినా పని జరిగింది. నీళ్ళు ఎవరి కోసమూ ఆగవు గనుక, ఫైలు ఆగడానికి వీలు లేకపోయింది. నీళ్ళు తరుముకొస్తే చేయగలిగిన పని, నీళ్ళు లేనిచోట ఎందుకు చేయలేమన్నది మన శాఖలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న.

పట్టికలో ఉన్నా దిక్కు లేనివి

కేంద్ర రక్షణలో ఉన్నవాటికే ఈ గతి అయితే, మిగతావాటి మాట చెప్పేదేముంది? కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2013 నాటి నివేదికలో, దేశంలో 1,655 కట్టడాలను స్వయంగా వెళ్ళి చూస్తే 92 కనిపించలేదని తేల్చారు. 2022లో పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు వచ్చిన లెక్క ప్రకారం, కేంద్ర రక్షణలోని 3,693 కట్టడాలలో 50 మాయమయ్యాయి. వాటిలో 14 పట్టణాల విస్తరణకు బలయ్యాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 ఎక్కడున్నాయో ఆచూకీ లేదు. కాపలాదారులను నియమించగలిగినది 248 చోట్ల మాత్రమే. మొత్తంలో ఇది పదిహేనింట ఒక వంతు.

రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్న గణపురం కోటగుళ్ళ వంటివాటికీ, ఏ శాఖ పట్టికలోకీ ఎక్కని ఊరి చివరి త్రికూటాలయాలకూ ముప్పు ఇంకా ఎక్కువ. గుప్తనిధులున్నాయన్న మూఢనమ్మకంతో నందులను పగులగొట్టేవారు, గర్భగుడి తవ్వేవారు తెలంగాణ పల్లెల్లో కొత్త కాదు. మరోపక్క భక్తితోనే చేసే చేటు ఒకటున్నది. పాత రాతికి సున్నం, రంగులు పూయడం, శాసనం మీద సిమెంటు మెత్తడం, ప్రాచీన మండపాన్ని తీసేసి కొత్త స్లాబు వేయడం చాలా ఊళ్ళలో పునరుద్ధరణగానే చెల్లుబాటవుతున్నది. ఇక్కడ దేవాదాయ శాఖ బాధ్యత పెద్దది. పూజలు జరిగే ప్రాచీనాలయంలో ఏ పనికి నిధులు మంజూరు చేసినా, ముందుగా పురావస్తు శాఖ అభిప్రాయం తీసుకోవడం తప్పనిసరి చేస్తే ఖర్చు లేకుండానే సగం నష్టం ఆగుతుంది.

పథకాల మీద పథకాలు వస్తుంటాయి. 2015 జనవరిలో కేంద్రం వారసత్వ నగరాల కోసం ప్రారంభించిన హృదయ్ పథకంలో దేశం మొత్తం మీద ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. ఆ పథకం 2019 మార్చితో ముగిసింది. పథకం వచ్చినప్పుడు రోడ్లు, దీపాలు, తోటలు వస్తాయి. పథకం పోయాక వాటిని చూసేదెవరన్నది మళ్ళీ మొదటికే వస్తుంది. కట్టడానికి కావలసింది నాలుగేళ్ళ పథకం కాదు, నలభై ఏళ్ళ సంరక్షణ. ఏటా వానాకాలానికి ముందు పైకప్పు చూడడం, మొక్కలు పీకడం, నీటి దారులు శుభ్రం చేయడం వంటి చిన్న పనులు వేళకు జరిగితే పెద్ద పనుల అవసరం వెనక్కు పోతుంది.

చేయవలసినవి

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, భారీ నిధులూ అక్కరలేదు. మొదటిది, పని జరిగే ప్రతి కట్టడం ముందు తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. ఏ పని, ఎంత వ్యయం, ఎప్పుడు మొదలు, ఎప్పటికి పూర్తి, బాధ్యుడైన అధికారి ఎవరు అన్నవి దాని మీద రాయాలి. గడువు తప్పితే కారణం కూడా అక్కడే రాయాలి. రోడ్డు పనికి పెట్టగలిగిన బోర్డు గుడి పనికి ఎందుకు పెట్టలేరు?

రెండవది, నాలుగు జిల్లాల కలెక్టర్లు, కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు, దేవాదాయ, పర్యాటక శాఖలు, నగరపాలక సంస్థ, పట్టణాభివృద్ధి సంస్థ కలిసి మూడు నెలలకొకసారైనా సమావేశం కావాలి. తీర్మానాలు ప్రజలకు తెలపాలి. రామప్ప కోసం హైకోర్టు ఆదేశంపై కూర్చున్నవారు, మిగతా కట్టడాల కోసం ఏ ఆదేశమూ లేకుండా కూర్చోలేరా?

మూడవది, 100, 300 మీటర్ల హద్దులు చూపే పటాలు నగరపాలక కార్యాలయంలోనూ, వార్డుల్లోనూ తెలుగులో ఉంచాలి. మరమ్మతు అనుమతుల దరఖాస్తులు ఒక్కచోట తీసుకుని, ఫలానా తేదీలోగా అవునో కాదో చెప్పాలి. నాలుగవది, పట్టికకెక్కని కట్టడాలను గ్రామపంచాయతీల సాయంతో లెక్కించి, ఫోటోలు తీసి రికార్డు చేయాలి. చరిత్ర ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు ఈ పనికి ముందుకు రాగలరు. ఏమున్నదో రాసిపెట్టుకుంటేనే ఏది పోయిందో తెలుస్తుంది.

కల్యాణమండపం తెరిచిన రోజు ఓరుగల్లు ప్రజలు సంతోషించారు. ఆ సంతోషంలో ఆలస్యాన్ని మరిచిపోవడం సహజమే. కానీ కోటలోని తోరణాలు, గణపురం గుళ్ళు, పేరు తెలియని ఊరి ఆలయాలు ఇంకా తమ వంతు కోసం చూస్తున్నాయి. వాటిలో ఒకటి విప్పవలసి వచ్చే రోజున రాళ్ళకు నంబర్లు వేయడంతో పాటు పనికి తేదీ కూడా వేయాలి. సంబంధిత శాఖలు ఈ విషయంలో ఇకనైనా శ్రద్ధ వహించగలవని జిల్లా ప్రజలు ఎదురుచూస్తున్నారు.